ముల్లంగి ఆకును పారేయకండి

తెలుగునేలకు దూరంగా మేముంటున్న ఈ ఊళ్లో శనివారం పొద్దున జరిగే రైతుల సంతలో ముల్లంగి కట్ట అందుకోగానే అమ్మే మనిషి అడిగే మొదటి మాట, "ఆకు తీసేయమంటారా?" అని. వరుసలో నా ముందు నిలబడిన తెలుగువాళ్లు చాలామంది సరేనంటారు. ఆయన దుంపలను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆకును మెలితిప్పి తెంపి, కాళ్ల దగ్గరున్న పెట్టెలో పడేస్తాడు. పది గంటలకల్లా ఆ పెట్టె నిండిపోతుంది. మంచు తడి ఇంకా ఆరని పచ్చటి ఆకు. చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆకుకూర లేకపోతే ముద్ద దిగని ఇళ్లలో పెరిగాం మనం. తోటకూర కాడలను కూడా వదలకుండా పులుసులో వేసుకున్నవాళ్లం. ముల్లంగి ఆకు పప్పు మనకు కొత్త కాదు. అలాంటి మనమే ఇక్కడ ఆకును తెంపించేసి, అదే కారులో ఇంకో దుకాణానికి వెళ్లి ప్లాస్టిక్ డబ్బాలో పాలకూర కొంటున్నాం. కారణం అడిగితే రెండు మాటలు వినిపిస్తాయి: ఆకు ఘాటుగా ఉంటుంది, ముల్లంగి వాసన పిల్లలకు పడదు. రెండూ నిజమే. రెండింటికీ విరుగుడు నాకు జపాను వంటింట్లో దొరికింది.

మా పక్కింట్లో ఒక జపాను పెద్దావిడ ఉంటారు. ఒకరోజు నేను ఆకుతో ఉన్న ముల్లంగి తెచ్చుకోవడం చూసి, లోపలికి పిలిచి వండి చూపించారు. కాడలను, ఆకును విడదీసి, రెండింటినీ గోరంత ముక్కలుగా తరిగారు. మూకుడులో కొంచెం నువ్వుల నూనె వేసి ముందు కాడలు, అవి మెత్తబడ్డాక ఆకు వేశారు. మూత పెట్టలేదు. ఆకులోని నీరంతా ఇగిరిపోయేదాకా కలుపుతూనే ఉన్నారు. అప్పుడు ఒక చెంచా సోయా సాస్‌ను ఆకు మీద కాకుండా కాలిన మూకుడు అంచు వెంట పోశారు. అది చుయ్యిమని పొంగి, కమ్మటి మాడు వాసనతో ఆకుకు పట్టింది. చివర్లో వేయించిన నువ్వులను వేళ్ల మధ్య నలిపి చల్లారు. దీన్ని వాళ్లు ఫురికాకే అంటారు, అంటే అన్నం మీద చల్లుకునేది. వేడి అన్నంలో కలుపుకుని తింటే నాకు నువ్వుల పొడి, ఆకు వేపుడు ఒకే ముద్దలో దొరికినట్టనిపించింది. ఇప్పుడు మా అమ్మాయి దీన్ని బడికి తీసుకెళుతుంది. ముల్లంగి సాంబారు పేరెత్తితే ముఖం తిప్పుకునే పిల్ల.

ఘాటైన ఆకుకు వెనక ఏదో ఒక కమ్మదనం అండగా ఉండాలి. మన వంటలో ఆ పని కందిపప్పు చేస్తుంది. వాళ్ల వంటలో నువ్వులు, సోయా సాస్, మిసో చేస్తాయి. మిసో అంటే ఉడికించిన సోయా గింజలను ఉప్పుతో, బూజు పట్టించిన బియ్యంతోనో బార్లీతోనో కలిపి నెలల తరబడి పులియబెట్టిన ముద్ద. 1908లో టోక్యోలో కికునే ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త, కొంబు అనే సముద్రపు నాచు చారుకు ఆ కమ్మదనం గ్లుటమేటు అనే పదార్థం వల్ల వస్తోందని కనిపెట్టి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. పప్పు ఉడికించే తీరిక లేని సాయంత్రం ఒక చెంచా మిసో ఆ లోటు తీరుస్తుంది.

దుంప విషయంలో నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది కడుగునీళ్లు. వాళ్లు ముల్లంగిని రెండంగుళాల మందాన చక్రాలుగా కోసి, ముందుగా బియ్యం కడిగిన నీళ్లలో ఉడికిస్తారు, చేదూ ఘాటూ తగ్గుతాయని. మన ఊళ్లలో కుడితి తొట్టిలోకి పోయే నీళ్లవి. తరవాత ఆ చక్రాలను కొంబు వేసిన నీళ్లలో, పుల్ల గుచ్చితే అడ్డు లేకుండా దిగేదాకా సన్నటి సెగ మీద ఉంచి, పైన కొంచెం తీపి కలిపిన మిసో రాస్తారు. నేను దాని మీద ఆవాలు, ఎండుమిర్చి పోపు వేస్తాను. ఇంగువ మాత్రం వేయను. ఇంగువ, మిసో ఒకే గిన్నెలో పొసగవు.

మిసోను మరిగించకూడదు. పొయ్యి కట్టేశాక కలపాలి. విడిగా ఉప్పు వేయకూడదు. శాకాహారులు డబ్బా మీద రాసినది తప్పకుండా చదవాలి, కొన్ని రకాల్లో చేప సారం ఉంటుంది. ఇంటికి రాగానే ఆకును దుంప నుంచి కోసి విడిగా పెట్టండి. లేకపోతే ఆకు దుంపలోని నీటిని లాగేస్తుంది.

ఇది మన వంటను పాడు చేయడమేనని ఇక్కడి మన తెలుగు సంఘంలో ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన మాటను గౌరవిస్తాను, కానీ ఒప్పుకోను. జపాను రుచుల మీద మోజుతో రాస్తున్నది కాదిది. ఆకును పారేయకూడదన్నదే నా పట్టు. ఈ పట్టు వాళ్లకూ ఉంది. ఏటా జనవరి 7న, మన సంక్రాంతికి వారం ముందు, ఏడు రకాల ఆకులతో గంజి కాచుకుంటారు. ఆ ఏడింటిలో రెండు టర్నిప్, ముల్లంగి. ఆ రోజు కోసం వాటికి సుజునా, సుజుషిరో అనే పాత పేర్లను నేటికీ నిలుపుకున్నారు.

కార్తిక వనభోజనాల నాటికి సంతలో ముల్లంగి బాగా వస్తుంది. ఈసారి కూరల బాధ్యత తీసుకునేవారికి నాదొక మనవి. కట్టలు ఆకుతో సహా కొనండి. తరగడానికి నేను వస్తాను. మా అమ్మ ఇచ్చిన కత్తిపీట ఉంది, అదీ తెస్తాను.