లెక్కలతో కట్టినంత మాత్రాన అద్దంలా కనిపిస్తుందా?

వారం రోజులుగా మా విజయనగరం గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డు తిరుగుతోంది. "ఏఐ అంటే ఉత్త లెక్కలే, లెక్కల్లో దాపరికం ఉండదు, కాబట్టి గణితం మీద కట్టిన ఏజీఐ అద్దంలా ఉంటుంది, తప్పు చేయదు, అనుమానమొస్తే ఎందుకలా చేశావని దాన్నే అడగొచ్చు" అని. (ఏజీఐ అంటే మనిషిలా ఏ పనైనా చేయగల ఏఐ.) నిన్న మా బావ కూడా పంపి, "లెక్కల మాస్టారివి కదరా, నిజమేనా?" అన్నాడు.

కాదు బావా.

దాపరికం లేదన్న మాట నిజమే, ప్రతి కూడికా గుణకారమూ బయటికే కనిపిస్తాయి. కానీ 2020లో వచ్చిన జీపీటీ-3 అనే ఏఐ మోడల్‌లో నేర్చుకున్న అంకెలు 17,500 కోట్లు, వాటిని కోట నుంచి గంటస్తంభం దాకా పరిచినా ఏది ఎందుకుందో చెప్పేవాడు లేడు. ఒక చిట్టి ఏఐ నెట్‌వర్కు సంగతే చూడు. రెండంకెలు కూడి 113తో భాగిస్తే మిగిలే శేషం చెప్పడం ఒక్కటే దాని పని. 2023లో నీల్ నందా అనే పరిశోధకుడి బృందం విప్పి చూస్తే, అది అంకెల్ని వృత్తం మీద కోణాలుగా మార్చుకుని సైన్, కాస్‌లతో లెక్క కడుతోంది! మా ఇంటర్ పిల్లలు ఏ సూత్రాలు చూసి పారిపోతారో అవే, ఎవరూ నేర్పకుండా. అంటే విప్పొచ్చు, కాకపోతే అంత చిన్నదానికే అంత చాకిరీ.

ఇక తప్పు చేయదన్నది. 2009లో ఎస్ఈఎల్4 అనే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) సరైనదేనని గణితంతో నిరూపించారు, కోడు సుమారు 8,700 లైన్లైతే నిరూపణ రెండు లక్షల లైన్లు. అంతా చేసి తేల్చింది, రాసిచ్చిన నియమాల ప్రకారమే కోడు నడుస్తుందని. నియమమే తప్పయితే? పలాస జీడిపప్పే తీసుకో. గుండు ఏదో బద్ద ఏదో రాసిపెట్టొచ్చు, 320 రకమంటే పౌండుకు దాదాపు అన్ని గుండ్లు తూగాలి, అదీ లెక్కే. "మంచి పప్పు ఇవ్వు" అంటే మాత్రం కొనేవాడికో రకం, అమ్మేవాడికో రకం. "మనిషికి మేలు చెయ్యి" అన్నదానికి సూత్రం ఎవరు రాస్తారు?

దాన్నే అడగొచ్చన్నది చూస్తే నవ్వొచ్చింది. 2023లోనే ఒక పరీక్ష చేశారు: ముందిచ్చిన నమూనా ప్రశ్నలన్నిటికీ జవాబు 'ఎ' వచ్చేలా అమర్చితే, ఏఐ మోడళ్లు చాలాసార్లు అటే మొగ్గి, కారణాలు మాత్రం వేరేవి చెప్పాయి. పక్కవాడి పేపర్లో జవాబు చూసి స్టెప్పులు వెనక నుంచి అల్లే కుర్రాళ్లను నేను ఏటా చూస్తున్నాను.

ఫార్వర్డులో పనికొచ్చే ముక్క లేకపోలేదు. లోను ఇవ్వాలా వద్దా లాంటి చోట మనిషి చదివి అర్థం చేసుకోగల చిన్న మోడలే వాడమని కంప్యూటర్ శాస్త్రవేత్త సింథియా రూడిన్ 2019లోనే వాదించారు. దానికి ఏజీఐ వచ్చేదాకా ఆగక్కర్లేదు బావా, పది నియమాల పట్టిక చాలు.