ఓవర్‌డ్రైవ్ దొరవారికి నెల్లూరు అంబాసిడర్ ఓనరు విన్నపం

మహారాజశ్రీ లేకాక్ డి నార్మన్‌విల్ ఓవర్‌డ్రైవ్ దొరవారి సముఖమునకు,

నెల్లూరు నుంచి మీ విధేయుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమరు గేర్ బాక్సు వెనకాల బిగిస్తే టాప్ గేరు మీద ఇంకో గేరులా పనిచేసే యంత్రం. షెఫీల్డులో పుట్టి, ఇంగ్లండు రోడ్ల మీద ఎం.జి.బి. అనే ఒక స్పోర్ట్స్ కారు కింద కొలువు చేసి, ఓడెక్కి చెన్నై రేవులో దిగి, లారీలో మా ఇంటికి విచ్చేశారు. ప్రస్తుతం మా వసారాలో గోనెసంచి మీద విశ్రమిస్తున్నారు. వచ్చిన రోజు మా ఆవిడ తమర్ని చూసి "ఎవరి బోరు మోటారు ఇది, మన ఇంట్లో పడేసి పోయారు?" అని అడిగింది. అవమానించాలని అనలేదు, ఆకారం అట్టా ఉంది మరి. మనసులో పెట్టుకోకండి.

ముందు తమరి గొప్పతనం ఒప్పుకుంటాను. మాది అంబాసిడర్ మార్క్ టూ. 1489 సీసీ ఇంజను, నాలుగు గేర్లు, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. 80 మీద పోతుంటే ఇంజను నిమిషానికి సుమారు 3000 చుట్లు తిరుగుతుంది. ఆ లెక్క చూపించే మీటరు మా బండిలో లేదు. ఉన్నది చెవులే. ఆ స్పీడులో పక్క సీటు మనిషితో మాట్లాడాలంటే పొలంలో కూలీని పిలిచే గొంతు కావాలి. ఇంకో గేరు ఉంటే బాగుండునని ఎడమ కాలు దానంతటదే క్లచ్ మీదికి పోతుంది, చెయ్యి రాడ్డు మీదికి పోతుంది, అక్కడ గేరుండదు. చెయ్యి సిగ్గుపడి వెనక్కి వచ్చేస్తుంది.

తమరు ఈ కొరత తీరుస్తారట. టాప్ గేరు వెనకాల తమరి 0.8 నిష్పత్తి చేరితే, అదే 80కి ఇంజను 2400 తిరిగితే చాలు. అందుకు తమరు చేసే ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. మధ్యలో సన్ గేరు, చుట్టూ ప్లానెట్ గేర్లు, వాటికి బయట లోపలివైపు పళ్ళున్న చక్రం. డాష్‌బోర్డు మీద స్విచ్ వేయగానే కరెంటుతో కదిలే సోలినాయిడ్ వాల్వును తెరుస్తుంది, ఆయిల్ ప్రెషరు పిస్టన్లను తోస్తుంది, కోన్ క్లచ్ ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిగి సన్ గేరును కదలకుండా పట్టేస్తుంది. ప్లానెట్లు దాని చుట్టూ దొర్లుతూ బయటి చక్రాన్ని గేర్ బాక్సు కంటే జోరుగా తిప్పుతాయి. క్లచ్ తొక్కే పని కూడా లేదు. గ్రహాలు అనుకూలిస్తే మనం కాలు కదపకుండానే పనులవుతాయని మా సిద్ధాంతి చెప్పేది ఇదే కాబోలు.

ఇంతవరకూ స్తోత్రం. ఇక విన్నపాలు.

తమరు ఒంటరిగా రారన్న సంగతి ఆలస్యంగా తెలిసింది. తమర్ని బిగించడానికి గేర్ బాక్సు లోపలి ఇరుసు, అదే మెయిన్ షాఫ్ట్, తమరికి తగ్గది ఉండాలట, మా బాక్సులోది పనికిరాదట. కాబట్టి ఎం.జి.బి. గేర్ బాక్సు కూడా తమరితోనే వచ్చింది. అల్లుడొక్కడే వస్తాడనుకుంటే పెళ్ళివారంతా బస్సు దిగినట్టయింది. గోత్రాలు మాత్రం కలిశాయి. ఆ ఎం.జి.బి. ఇంజను 1798 సీసీ, మాది 1489 సీసీ, రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బి.ఎం.సి.) వారి బి-సిరీస్ ఇంజన్ల వంశమే. కానీ వంశం కలిసినంత మాత్రాన బోల్టులు కలవవు. బాక్సు పొడుగు పెరిగింది కాబట్టి బాక్సు నుంచి వెనక చక్రాల వైపు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి పొట్టి చేయాలి. కోసినదాన్ని లేత్ మీద పెట్టి వంకర లేకుండా బ్యాలెన్స్ చేయాలి, లేకపోతే 60 దాటగానే బండి పూనకం తెచ్చుకుంటుంది. కింద బాక్సును మోసే క్రాస్ మెంబరు జరపాలి. స్పీడోమీటరు లెక్క మారిపోతుంది. దాని గురించి బెంగ లేదు, అది ఏనాడూ నిజం చెప్పింది లేదు.

అసలు చిక్కు ముందు సీటుతో వచ్చింది. మాది బెంచీ సీటు, ముగ్గురు కూర్చోవచ్చు. మధ్య చోటు మా మేనత్తది. మా నాన్న కాలం నుంచీ అది ఆమె పేర పట్టా అయిపోయింది. తమరి బాక్సుకు గేరు రాడ్డు నేలలో నుంచి లేస్తుంది. మేస్త్రి సుద్దముక్కతో కోయాల్సిన చోట గుండ్రంగా గీత గీశాడు. అత్త వచ్చి సీట్లో కూర్చుని, చీర సర్దుకుని, కిందికి చూసింది. గీత సరిగ్గా ఆమె రెండు పాదాల మధ్య ఉంది. "నన్ను దిగమంటున్నావా, కాళ్ళు ముడుచుకోమంటున్నావా, ఏదో ఒకటి చెప్పు అబ్బయా" అంది. ఇకమీదట థర్డ్ గేరు వేయాలంటే ఆమె పర్మిషన్ తీసుకోవాలి. తమరి వంశచరిత్రలో ఇలాంటి నిబంధన ఇంకెక్కడైనా ఉందా?

తమరి నిబంధన ఇంకొకటుంది. తమరు పనిలో ఉండగా రివర్స్ వేయకూడదు. వేస్తే లోపలున్న రోలర్ క్లచ్ నలిగి పోతుంది. అందుకే రివర్స్‌లో తమరికి కరెంటు అందకుండా వేరే స్విచ్ పెట్టారు. అయినా వాల్వు బిగుసుకుపోయి ప్రెషరు దిగకపోతే ఆ స్విచ్ కూడా కాపాడలేదట. దొరవారూ, మా సంతపేట సందుల్లో మేం టాప్ గేరు వాడేదానికంటే రివర్స్ వాడేదే ఎక్కువ. ఎదురుగా ఆటో వస్తే మేమే వెనక్కి. పాల వ్యాను వస్తే మేమే వెనక్కి. పెళ్ళి ఊరేగింపు వస్తే బయల్దేరిన ఇంటికే. తమరు హైవే మనుషులు, మేం సందుల మనుషులం.

సరే, హైవేకే పోదాం. నెల్లూరు నుంచి ఒంగోలుకు సుమారు 120 కిలోమీటర్లు, పదహారో నంబరు జాతీయ రహదారి, అద్దంలా ఉంటుంది. అయితే తమరు హాయిగా పనిచేయాలంటే ఒకే వేగంతో కాసేపు సాగిపోవాలి కదా. కావలి దగ్గర ముసునూరు టోల్‌గేటు తమర్ని ఆపుతుంది. తంగుటూరు టోల్‌గేటు మళ్ళీ ఆపుతుంది. తిరుగు ప్రయాణంలో చీమకుర్తి గ్రానైటు లారీ కలుస్తుంది. దాని మీద ఒకే ఒక్క నల్లరాయి ఉంటుంది, మా వంటగది అంత. నాలుగు గొలుసులు కట్టి ఉంటాయి, వాటిలో ఒకటి వదులుగా ఊగుతూ ఉంటుంది. లారీ కుడి లైనులోనే, నలభై మీదే, ఎంత హారన్ కొట్టినా తనదే రోడ్డన్నట్టు పోతుంది. ఎడమ పక్క నుంచి దాటుదామంటే రైతు వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాడు. ఆ సమయంలో తమరు స్విచ్ దగ్గర వెలుగుతూ ఎదురుచూస్తుంటే నాకు మొహమాటంగా ఉంటుంది.

ఒకవేళ రోడ్డు దొరికిందే అనుకుందాం. తమరు వచ్చారని బండికి పరుగు నేర్పితే దాన్ని ఆపేదెవరు? మాకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. అసలు తమరు స్పీడు పెంచడానికి రాలేదు, ఉన్న స్పీడులోనే ఇంజనుకు కాస్త ఊపిరి ఇవ్వడానికి వచ్చారు. ఈ ముక్క ఎవరికీ ఎక్కడం లేదు. ఓవర్‌డ్రైవ్ అనగానే మా వీధి పిల్లలు "వంద దాటుద్దా అంకుల్?" అంటున్నారు. మా ఆవిడ ఇన్సూరెన్సు కాగితాలు వెతుకుతోంది.

మా మేస్త్రి తమరి మీద వేసిన అభియోగం కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "1990ల్లో వచ్చిన ఇసుజు ఇంజను అంబాసిడర్లకి ఐదు గేర్లుండాయి గదా సార్. తుక్కులో బాక్సు దొరుకుద్ది, చెన్నై పుదుప్పేటలో సామాన్లు దొరుకుతాయి. ఈ దొరతో మనకేంది?" అన్నాడు. వింటేజ్ బండికి కొత్త బాక్సు పెడితే దాని అసలు రూపం పోతుందని చెప్పాను. "అయితే ఇది మన కంపెనీ వాళ్ళే బిగించి ఇచ్చారా?" అన్నాడు. జవాబు తమరే ఇవ్వాలి. నా దగ్గర లేదు.

చట్టం సంగతి మరీ వినసొంపుగా ఉంటుంది. తయారీ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పోనీ, 50 ఏళ్ళు దాటిన బండి కదా, 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ కింద 20 వేలు ఫీజు కట్టి రిజిస్టర్ చేయిద్దామంటే, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉండాలంటారు. అందులో గేర్ బాక్సు పేరెత్తలేదు. నేను ఎగిరి గంతేశాను. వెంటనే క్రాస్ మెంబరు గుర్తొచ్చింది, అది ఛాసిస్సు కిందికి వస్తుంది. సుద్దముక్క గీత గుర్తొచ్చింది, అది బాడీ కిందికి వస్తుంది.

ఇంకా ఉంది. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండి రోజూ రోడ్డెక్కకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు మాత్రమే బయటికి తీయాలి. మా ఊళ్ళో ర్యాలీలూ లేవు, పరిశోధకులూ లేరు. మిగిలినవి బంకు, షెడ్డు. తమరు వచ్చాక పెట్రోలు ఆదా అవుతుంది కాబట్టి బంకుకు పోయే అవకాశం కూడా తగ్గిపోతుంది. షెడ్డుకు పోయే అవకాశం మాత్రం తమరి పుణ్యమాని బాగా పెరుగుతుంది. షెడ్డు మా ఇంటికి రెండు సందుల అవతల. అక్కడికి సెకండ్ గేరు చాలు. తమరు సెకండ్ గేరులో పనిచేయరు.

మొన్న రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాను. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె, వీసా రొట్టె అని జనం పిలిచి మరీ ఇస్తున్నారు. ఓవర్‌డ్రైవ్ రొట్టె ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగాను. ఒక పెద్దావిడ జాలిగా చూసి ఆరోగ్యం రొట్టె చేతిలో పెట్టింది.

ఇన్ని విన్నవించుకున్నా, తమర్ని తిప్పి పంపించే ఉద్దేశం నాకు లేదు. కావలి దాటాక, వేకువ ఐదింటికి, లారీలు లేని పది నిమిషాలు దొరికితే చాలు. స్విచ్ వేయగానే ఇంజను గొంతు దిగడం ఒక్కసారి వినాలి. అందుకు అయ్యే ఖర్చు మా ఆవిడకు ఎంత చెప్పాలో నేను చూసుకుంటాను. తమరు నోరు విప్పకండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
అంబాసిడర్ ఓనరు, నెల్లూరు

తాజా కలం: తమరికీ బాక్సుకూ ఒకటే ఆయిలని, అది ఇంజను ఆయిలే పోయాలని, గేర్ ఆయిల్ పోస్తే కోన్ క్లచ్ జారుతుందని మేస్త్రికి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. "గేర్ బాక్సుకి నైంటీ ఆయిలు గాక ఇంకేం పోస్తారు సార్" అంటూ ఇప్పుడే డబ్బా మూత తీశాడు. మిగతాది తర్వాత రాస్తాను, ముందు పరిగెత్తాలి.