వెనక చక్రాలు తోస్తేనే కూపేనా?

ఇటలీ కంపెనీలు కట్టిన పాత కూపేల్లో, అంటే రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లలో, ఆల్ఫా గొప్పదా, లాన్సియా గొప్పదా అని వాదన మొదలైతే చాలు, మనవాళ్ళు ఒకే మాటతో నోరు మూయిస్తారు: "ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలు లాగేది) కూడా ఒక కూపేనా అండీ?" ఇలా అనేవాళ్ళలో చాలామంది వానాకాలంలో కాలవగట్టు మీద కారు తోలినవాళ్ళే. నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఆల్ఫా రోమియో జీటీ 1300 జూనియర్ 1966లో వచ్చింది. 1290 సీసీ అల్యూమినియం ఇంజన్, వరసగా నాలుగు సిలిండర్లు, తోసేది వెనక చక్రాలు. లాన్సియా ఫుల్వియా కూపే 1.3 కూడా దాదాపు అంతే, 1298 సీసీ. కానీ అందులో ఉన్నది వీ4, అంటే నాలుగు సిలిండర్లు V ఆకారంలో రెండు వరసలుగా. రెండు వరసల మధ్య కోణం దాదాపు 13 డిగ్రీలే, అందుకే రెండిటికీ కలిపి పైన మూతలా ఒకే హెడ్ సరిపోయింది. ఇంజన్ మొత్తాన్ని 45 డిగ్రీలు పక్కకి వాల్చి బానెట్ కిందకి దించారు. లాగేది ముందు చక్రాలు. అందంలో మాత్రం ఆల్ఫాదే పైచేయి, కాదనను.

కోనసీమలో రాజోలు వైపు గట్ల మీద నల్లమట్టి నానినప్పుడు అంబాసిడర్ తోలి చూడండి. యాక్సిలేటర్ కాస్త గట్టిగా తొక్కితే వెనక భాగం కాలవలోకి దారి చూసుకుంటుంది. అదే గట్టు మీద మారుతి 800 ముక్కు తిప్పినవైపు పోతుంది. ఇంజన్ బరువు, లాగే పని రెండూ ముందు చక్రాల మీదే కదా.

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగాక లెక్క తిరగబడుతుంది, నిజమే. తడి ఏటవాలు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోయి మారుతి ముందు చక్రాలు ఉత్తినే తిరుగుతాయి. అంబాసిడర్ నింపాదిగా ఎక్కేస్తుంది. మారుతిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించిన డ్రైవర్లనీ చూశాను.

"చూశారా, ఎత్తు ఎక్కలేదు" అంటారేమో. 1972 మోంటే కార్లో ర్యాలీ అనే కార్ల పోటీ జరిగింది కొండల్లోనే, మంచు రోడ్ల మీదే. వెనక చక్రాలు తోసే పోర్షే 911లు, ఆల్పైన్‌లు బరిలో ఉండగా గెలిచింది సాండ్రో మునారి తోలిన ఫుల్వియా 1.6. ఆ ఏడాది అంతర్జాతీయ ర్యాలీల్లో తయారీదారుల టైటిలూ లాన్సియాదే. దీనికి మాత్రం ఎవరూ జవాబు చెప్పరు.

ఫుల్వియాకి లోపాల్లేవా? ఉన్నాయి. వంపులోకి మరీ వేగంగా దూరితే ముక్కు బయటికి పోతుంది. ముందూ వెనకా లారీలకి ఉండేలాంటి లీఫ్ స్ప్రింగులే. పైగా, ఇలాంటి ఇంజన్ల కోసం ఖర్చుకి వెనకాడకుండా కార్లు కట్టిన లాన్సియా అప్పుల్లో మునిగి 1969లో ఫియట్ చేతికి పోయింది.

ఎవరైనా ఆల్ఫా ఇస్తానంటే వద్దనను లెండి. జూన్ నుంచి అక్టోబరు దాకా మాత్రం షెడ్డులోంచి బయటికి తియ్యను.