డిసెంబర్‌లో మొక్కలు నాటొద్దు

హైదరాబాద్‌లో ఏదైనా కాలనీకి విదేశంలో ఉన్న మన తెలుగు సంఘం తరఫున మొక్కలు ఇప్పిద్దామన్న మాట మళ్లీ వచ్చింది. చెయ్యెత్తే ముందు నాదొక మనవి. ఈ పని మనం ఒకసారి చేసి చెడగొట్టాం.

మా అక్క ఉండేది నాచారం వైపు ఒక కాలనీలో. అక్కడి రెండు వీధులకు డబ్బు పంపాం, ఏం మొక్కలని ఒక్కరమూ అడగలేదు. కాంట్రాక్టరు కోనోకార్పస్ తెచ్చాడు. ఏడాది తిరిగేసరికి మనిషెత్తు పచ్చదనం. ఫొటోలు చూసి ఇక్కడ మురిసిపోయాం. ఆ తర్వాతి మే నెలలో నేను వెళ్తే అక్క గేటు బయటికి లాక్కుపోయి, "దాని కింద నిలబడు సూద్దాం. నీ చెప్పులకు గూడ నీడ సాలదు. చెట్టు పెట్టిచ్చినవా, గోడ కట్టిచ్చినవారా?" అంది. తర్వాత వేళ్లు డ్రైనేజీ పైపులో దూరాయి. కొట్టించడానికి మళ్లీ మనమే చందా వేసుకున్నాం.

కోనోకార్పస్ సోమాలియా, యెమెన్ వైపు చెట్టు. నీళ్లు అంతగా అడగదు, త్వరగా కమ్ముకుంటుంది. నాటేవాడికి అంతకంటే ఏం కావాలి? 2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన హరితహారంలోనూ రోడ్ల వెంట విరివిగా పెట్టారు. గుజరాత్ మాత్రం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

నన్నడిగితే కాలనీ వీధికి మొదటి చెట్టు కానుగ. ఆకు రాల్చినా ఎండలు ముదిరేలోపే లేత చిగురుతో మళ్లీ నిండిపోతుంది, అంటే నీడ మనకు కావలసిన నెలల్లోనే ఉంటుంది. పప్పుజాతి చెట్టు కాబట్టి నేలకూ మేలు. పశువులు పెద్దగా ముట్టవు. పూలు రాలి వాకిలి ఖరాబవుతుందని కొందరు సణుగుతారు, సణగనివ్వండి.

వేప వద్దంటే ఎవరికైనా కోపం వస్తుంది, నాకూ వస్తుంది. కానీ కొన్నేళ్లుగా తెలంగాణలో వేపలకు కొమ్మల చివర్ల నుంచి ఎండు తెగులు పడుతోంది. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం పని. చాలా చెట్లు మళ్లీ చిగురిస్తున్నాయి గానీ, వీధంతా ఒకే జాతి పెడితే ఏమవుతుందో అది చూపించింది. నాలుగు కానుగల మధ్య ఒక వేప, చాలు.

కరెంటు తీగల కింద పొగడ పెట్టండి. నెమ్మదిగా పెరుగుతుంది, ఏడాది పొడవునా ఆకు ఉంటుంది. తీగల కింద కానుగ పెట్టారంటే ఏటా కరెంటోళ్లొచ్చి నెత్తి నరికి పోతారు. నేరేడు మంచిదే, కార్లు నిలిపే చోట మాత్రం పెట్టకండి. పళ్ల మరకల మీద పక్కింటాయనతో వచ్చే తగువు చెట్టు కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. మేఫ్లవర్, అదే గుల్‌మొహర్, అందమైనదే, కానీ మడగాస్కర్ నుంచి వచ్చిన ఆ పెళుసు కొమ్మలు ఈదురుగాలికి ఎవరి నెత్తిన పడతాయో చెప్పలేం.

మర్రి, రావి వీధికి పట్టవు. చేవెళ్ల రోడ్డులో మర్రి ఊడల కింద ప్రయాణించినవాళ్లకు ఆ చెట్టు ఎంత చోటు అడుగుతుందో తెలుసు. పార్కు ఉంటే నడిమధ్యన ఒకటి పెట్టొచ్చు. చింతను ఇంటి ముందు పెట్టడానికి మనవాళ్లు జంకుతారు. 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పినా సరే, దయ్యం మాటే ముందొస్తుంది. పార్కు మూలకు ఒప్పించొచ్చు.

ఇక అసలు సంగతి. మనం శీతాకాలం సెలవులకు వెళ్తాం, బ్యానర్ కడతాం, మొక్క నాటి విమానం ఎక్కుతాం. ఆ తర్వాత నాలుగైదు నెలలు చెప్పుకోదగ్గ వాన ఉండదు. ఏప్రిల్‌కల్లా పుల్ల మిగులుతుంది. మృగశిర కార్తె దాటి, చేపప్రసాదం క్యూలు తగ్గి, రెండు గట్టి వానలు పడ్డాక నాటాలి. మన పిల్లలకు బడి సెలవులు కూడా అప్పుడేగా!

నర్సరీలో పొడవు చూసి మోసపోవద్దు. చిన్న సంచిలో ఏపుగా ఎదిగిన మొక్కకు వేళ్లు లోపల చుట్ట చుట్టుకుని ఉంటాయి. బొటనవేలంత కాండం, పెద్ద సంచి ఉన్నది అడగండి. మన నేలలో రెండడుగులు తవ్వేసరికి మొరమో రాయో తగులుతుంది, గుంత తవ్వే కూలీ మొక్క ధరను మించినా ఆశ్చర్యపోవద్దు.

అక్క వీధికి ఈసారి నేను అడిగేది పదిహేడు మొక్కలే: పది కానుగ, రెండు వేప, నాలుగు పొగడ, పార్కులో ఒక మర్రి. వెయ్యి అన్న అంకె బ్యానర్ మీద లేకపోతే బాగోదనేవాళ్లు బ్యానర్ ఖర్చు కూడా నీళ్లకే ఇవ్వండి. వర్షాకాలం పోయాక మొక్కకు వారానికి రెండు బిందెలు పోసేందుకు వాచ్‌మన్‌కు మూడేళ్ల జీతం ముందే లెక్కగట్టాలి. ఇనుప కంచెలు కాండంలోకి దిగకముందే తీయించే పూచీ అక్క తీసుకుంది. గుంతలు మాత్రం మే నెలాఖరుకు తవ్వి ఉండాలి.