సగం ఆటకి నిండు బిల్లు

పూర్తయిన గేమ్ ఎవడైనా కొంటాడు. డబ్బు కట్టడం, డౌన్‌లోడ్ చేసుకోవడం, ఆడటం, అయిపోగానే తీసేయడం. ఇందులో కొనేవాడి వ్యక్తిత్వానికి పరీక్ష ఎక్కడుంది? పూర్తికాని గేమ్ సంగతి వేరు. మూడో ఊరికి పోయే వంతెన దగ్గర "ఇక్కడి నుంచి పని జరుగుతోంది" అన్న బోర్డు చూసి, కిమ్మనకుండా వెనక్కి తిరిగి, రెండో ఊళ్లోనే మరో నలభై గంటలు గడిపి, పైగా దానికి బొటనవేలు పైకెత్తి రివ్యూ రాయగలిగినవాడే అసలైన కొనుగోలుదారు. 2013 మార్చిలో స్టీమ్ అన్న ఆన్‌లైన్ గేమ్ దుకాణం ఈ పద్ధతికి ఎర్లీ యాక్సెస్ అని పేరు పెట్టి అధికార ముద్ర వేసింది. అంతకుముందూ జనం సగం గేములు కొన్నారు. కాకపోతే అప్పట్లో అవి పూర్తయ్యాయని చెప్పి అమ్మేవారు.

కొనాలా వద్దా అన్నది ఇక్కడ చర్చ కాదు. ఆ నిర్ణయం ట్రైలర్ సగంలో ఉండగానే అయిపోయి ఉంటుంది. ఏ దుకాణంలో కొనాలన్నదే విచారించవలసిన విషయం. దీనికి లోకంలో చెలామణీ అవుతున్న కొలమానాలు మూడు: ఎక్కడ డిస్కౌంట్ ఎక్కువ, ఎక్కడ స్నేహితులున్నారు, ఎక్కడ మన లైబ్రరీ పొడుగ్గా కనబడుతుంది. మూడూ లోపలికెళ్లే గుమ్మం గురించే. కట్టుబడి సగంలో ఉన్న మేడలోకి వెళ్లేవాడు ముందు చూసుకోవలసింది బయటికొచ్చే దారి. డబ్బు వెనక్కి ఎలా వస్తుంది, పాడైన అప్‌డేట్ వచ్చినప్పుడు పాత వెర్షన్ ఎలా వస్తుంది, దుకాణమే ఎత్తేస్తే ఫైలు ఎవరి దగ్గర మిగులుతుంది? దుకాణాల మధ్య తేడా అంతా ఈ మూడింట్లోనే ఉంది. 2015లో డెసూరా అన్న గేమ్ దుకాణం మాతృసంస్థ దివాలా తీసినప్పుడు అక్కడ కొన్నవాళ్లకి మూడో ప్రశ్న బాగా అర్థమైంది.

ముందు స్టీమ్. ఇక్కడ ప్రతి ఎర్లీ యాక్సెస్ గేమ్ పేజీలోనూ నీలం పెట్టెలో ఒక ప్రశ్నపత్రం ఉంటుంది. డెవలపర్ దానికి లిఖితపూర్వకంగా జవాబులివ్వాలి: ఎర్లీ యాక్సెస్ ఎందుకు, సుమారు ఎంతకాలం, పూర్తి వెర్షన్‌లో ఏం మారుతుంది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ధర పెరుగుతుందా, ఆటగాళ్ల మాట ఎలా వింటారు. ఎక్కువమంది మూడో జవాబు దగ్గరే ఆగి కలలు కంటారు. డబ్బు పెట్టేది నాలుగో జవాబుకి. పెట్టె పైన స్టీమ్ తన మాటగా, ఇప్పుడున్న స్థితిలో ఈ గేమ్ ఆడాలని ఉత్సాహం లేకపోతే ఆగి చూడండి అని రాసి ఉంచుతుంది. దుకాణదారుడే కొనొద్దని చెప్తున్నాడంటే సరుకు ఎంత గొప్పదో అనుకుని మనం వెంటనే కొంటాం.

"సుమారు ఎంతకాలం" అన్న ప్రశ్నకి ఆరు నెలల నుంచి ఏడాది అన్న జవాబు తరచూ కనబడుతుంది. అది కాలమానం కాదు, మర్యాద. డే-జీ 2013 డిసెంబరులో ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చి 2018 డిసెంబరులో 1.0, అంటే పూర్తి వెర్షన్, అయింది. అదే నెలలో మొదలైన 7 డేస్ టు డై 2024 జూలై దాకా తీసుకుంది. ప్రాజెక్ట్ జాంబాయిడ్ 2013 నవంబరులో స్టీమ్‌లో చేరింది. 2024 డిసెంబరులో దాని 42వ బిల్డ్ (వెర్షన్) వచ్చింది, అదీ "అన్‌స్టేబుల్" అన్న బిరుదుతో. వీటిని ఎగతాళి చేయడం ధర్మం కాదు, ఎందుకంటే ఇవి పని ఆపలేదు. ఎగతాళికి అర్హమైనవి వేరే ఉన్నాయి: నడిచే యానిమేషన్ ఇంకా కుదరకుండానే రోడ్‌మ్యాప్‌లో ఐదో సీజన్ పేరు ప్రకటించేవి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

2025 ఫిబ్రవరి నుంచి స్టీమ్ మరో ఉపకారం చేస్తోంది. డెవలపర్ చాలాకాలం అప్‌డేట్ ఇవ్వకపోతే, చివరి అప్‌డేట్ వచ్చి ఇన్ని నెలలు దాటిందని అదే పెట్టెలో లెక్కతో సహా చెప్తుంది. కొనుగోలు బటన్ మాత్రం చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. ఆ నోటీసు పడేదాకా ఆగడం ఇష్టం లేనివాళ్లు స్టీమ్‌డీబీలో గేమ్ పేరు కొట్టి ప్యాచ్‌ల (సవరణల) చరిత్ర చూడవచ్చు. పండగ సేల్‌కి రెండు రోజుల ముందు మాత్రమే ప్యాచ్ పడుతోందంటే ఆ స్టూడియోలో ప్రోగ్రామర్ కంటే మార్కెటింగ్ మనిషి ముందు ఆఫీసుకొస్తున్నాడని అర్థం.

ఇక రెండు గంటల శాస్త్రం. 2015 జూన్ నుంచి స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, కారణంతో పట్టింపు లేకుండా డబ్బు వెనక్కి ఇస్తారు. ఎర్లీ యాక్సెస్‌లో ఆడిన సమయం కూడా ఈ రెండు గంటల్లోకే వస్తుంది. గడియారం మన ఆనందాన్ని కొలవదు, ప్రోగ్రామ్ తెరిచి ఉన్న నిమిషాలను కొలుస్తుంది. లాంచర్ తెరిచి ఫోన్ మాట్లాడినా, పాజ్ పెట్టి భోజనానికి వెళ్లినా అది తిరుగుతూనే ఉంటుంది. సగటు ఎర్లీ యాక్సెస్ గేమ్‌లో ఈ 120 నిమిషాల ఖర్చు ఇలా ఉంటుంది: మొదటిసారి తెరవగానే షేడర్లు కంపైల్ కావడానికి ఇరవై, గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తగ్గించి పెంచి మళ్లీ తగ్గించడానికి పదిహేను, పాత్రకి ముక్కు చెక్కడానికి నలభై, అప్పుడు క్రాష్. ముక్కు సేవ్ కాలేదు గనుక మరో ఇరవై. ఇక ఆట చూడటానికి పాతిక నిమిషాలు మిగులుతాయి, ట్యుటోరియల్ ముప్పై. తెలిసినవాడు మొదటి ముక్కునే ఒప్పుకుంటాడు. లోపలికి వెళ్లగానే సేవ్ చేసి, పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి, ఆ సేవ్ లోడ్ అవుతుందో లేదో చూస్తాడు. ఎర్లీ యాక్సెస్‌లో అన్నిటికంటే ఖరీదైన లోపం అక్కడే ఉంటుంది గనుక. తర్వాత రద్దీగా ఉండే చోటికి వెళ్లి ఫ్రేమ్‌రేట్ చూస్తాడు. ఖాళీ మైదానంలో అన్ని గేములూ బాగానే నడుస్తాయి. తొంభయ్యో నిమిషానికి తేల్చుకుంటాడు. తేలకపోతే స్టీమ్ సపోర్ట్‌లో పర్చేజెస్ తెరిచి, గేమ్ ఎంచుకుని, రీఫండ్ అడిగి, డబ్బు వాలెట్‌కి కాకుండా కట్టిన చోటికే పంపమంటాడు. వాలెట్‌కి పోయిన డబ్బు ఇంకో ఎర్లీ యాక్సెస్ గేమ్‌గా పునర్జన్మ ఎత్తడం ఖాయం.

రెండు గంటలు దాటితే ఇక దైవాధీనమే. 2023 డిసెంబరు 7న ద డే బిఫోర్ అన్న గేమ్ స్టీమ్‌లో వచ్చింది. నాలుగు రోజులకి స్టూడియో మూసేస్తున్నామని ప్రకటించింది. అప్పుడు ఎన్ని గంటలు ఆడారన్నది చూడకుండా అందరికీ డబ్బు తిరిగిచ్చారు. దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, మోసపోతే వేగంగా, భారీ జనసందోహంతో కలిసి మోసపోవాలి. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 కొన్నవాళ్లకి ఆ అదృష్టం పట్టలేదు. 2023 ఫిబ్రవరిలో 50 డాలర్లకి ఎర్లీ యాక్సెస్‌గా వచ్చింది, 2024లో స్టూడియో మూతపడింది, గేమ్ మాత్రం ఆ తర్వాత కూడా అమ్మకానికి నిలబడే ఉంది. నెమ్మదిగా ఆగిపోయిన గేమ్‌కి రీఫండ్ తేదీ అంటూ ఉండదు.

బయటికొచ్చే దారి అన్నిటికంటే వెడల్పుగా ఉన్నది గాగ్ (GOG) అన్న దుకాణంలో. 2020 నుంచి అక్కడ కొన్న 30 రోజుల్లోపు, దించుకున్నా, తెరిచినా, ఆడినా డబ్బు వెనక్కి అడగవచ్చు. దుర్వినియోగం చేస్తే కాదనే హక్కు తమకుందని మాత్రం మర్యాదగా చెప్తారు. డీఆర్‌ఎం (కాపీ కాకుండా వేసే డిజిటల్ తాళం) లేదు, ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దించి ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టుకుంటే దుకాణం ఉన్నా లేకపోయినా గేమ్ మనదగ్గరుంటుంది. పెద్ద గేమ్ అయితే ఒక సెటప్ ఫైలు, దాని వెంట బిన్ ముక్కలు వరసగా వస్తాయి. ఒక్క ముక్క తక్కువైనా ఇన్‌స్టాల్ కాదు, ఆ సంగతి కూడా తొంభై శాతం దాటాక చెప్తుంది. వెర్షన్ నంబరు ఫైలు పేరులోనే ఉంటుంది గనుక కొత్తది దించగానే పాతది చెరిపేయకూడదు.

గాగ్ వాళ్ల ప్రోగ్రామ్ గెలాక్సీలో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి, కాన్ఫిగర్ మెనూలో పాత వెర్షన్ ఎంచుకునే వీలూ ఉంది. స్టీమ్‌లో ఇది డెవలపర్ దయ మీద ఉంటుంది: ప్రాపర్టీస్‌లో బీటాస్ అన్న చోట పాత బిల్డ్ ఉంచితే ఉంది, లేకపోతే లేదు. అప్‌డేట్‌ని శాశ్వతంగా ఆపడం కుదరదు; గేమ్ తెరిచేదాకా వాయిదా వేయడమే గరిష్ఠం. పాత బిల్డ్‌కి వెళ్లేముందు సేవ్ ఫోల్డర్ వేరేచోట కాపీ చేసుకోవాలి, ఎందుకంటే కొత్త వెర్షన్ ముట్టుకున్న సేవ్‌ని పాత వెర్షన్ సాధారణంగా గుర్తుపట్టదు, ఆ ముట్టుకున్నదాన్నే క్లౌడ్ భద్రంగా వెనక్కి తెచ్చి పెడుతుంది. యూనిటీ ఇంజిన్‌తో చేసిన గేములు సేవ్‌లని మామూలుగా యాప్‌డేటాలోని LocalLow ఫోల్డర్‌లో దాస్తాయి. అన్‌రియల్ ఇంజిన్‌వి Local ఫోల్డర్‌లో గేమ్ పేరున్న ఫోల్డర్, దాని లోపల సేవ్డ్, దాని లోపల సేవ్‌గేమ్స్. నలభై గంటల కోట కూలాక ఈ చిరునామా వెతికితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇన్ని సుగుణాలున్న గాగ్‌ని మనవాళ్లు ఎందుకు దూరం పెడతారంటే, ప్యాచ్ కొన్నిసార్లు ఆలస్యంగా వస్తుంది. స్టీమ్‌లో 0.6.2 నడుస్తుంటే ఇక్కడ 0.6.1. కొత్త బగ్‌లు మనకి రెండు రోజులు ఆలస్యంగా అందడం కొందరికి అవమానంగా ఉంటుంది. నిజమైన ఇబ్బంది ఇంకోటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు: స్టీమ్ వర్క్‌షాప్‌లో ఉన్న మాడ్‌లు (ఆటగాళ్లే చేసిన చేర్పులు) మామూలుగా స్టీమ్‌లో కొన్నవాళ్లకే, స్టీమ్ లాబీల మీద కట్టిన మల్టీప్లేయర్ కూడా స్టీమ్ వాళ్ల మధ్యే. నలుగురు కలిసి ఆడే గేమ్‌ని నాలుగు దుకాణాల్లో కొంటే నాలుగు సింగిల్ ప్లేయర్ గేములు కొన్నట్టు. క్రాస్‌ప్లే, అంటే వేర్వేరు దుకాణాల్లో కొన్నవాళ్లు కలిసి ఆడే వీలు, ఉందో లేదో పేజీలో రాయకపోతే లేదనే అర్థం.

ఎపిక్ దుకాణం 2018 డిసెంబరులో తెరుచుకుంది. అమ్మకంలో తన వాటా 12 శాతమే అంది. స్టీమ్ 30తో మొదలై, గేమ్ కోటి డాలర్ల అమ్మకం దాటాక 25కి, 5 కోట్లు దాటాక 20కి దిగుతుంది. డెవలపర్‌కి ఇది పెద్ద తేడా. మనకి వచ్చేసరికి ధర రెండు చోట్లా ఒకటే ఉంటుంది గనుక ఆ తేడా మన గుండెలో సంతోషంగా మాత్రమే జమ అవుతుంది. హేడిస్ ఎర్లీ యాక్సెస్ అక్కడే మొదలైంది, ఏడాది తర్వాత స్టీమ్‌కొచ్చింది. శాటిస్‌ఫ్యాక్టరీ 2019 మార్చిలో అక్కడ, 2020 జూన్‌లో స్టీమ్‌లో, 2024 సెప్టెంబరులో 1.0. ఓర్చుకుని ఆగినవాడికి రెండు దుకాణాలూ దొరికాయి, పైగా ఏడాది పాటు వేరేవాళ్లు తొక్కి చదును చేసిన గేమ్ దొరికింది. రీఫండ్ గడువు స్టీమ్ లాంటిదే, 14 రోజులు, 2 గంటలు. కొనుగోలుదారులు రాసే సమీక్షలు మాత్రం ఉండవు. ఇది ఎర్లీ యాక్సెస్‌కి ఆదర్శ వాతావరణం: గేమ్ తెరుచుకోవడం లేదని నెల రోజులుగా వందమంది గోల పెడుతున్నా, పేజీ ప్రశాంతంగా ఉంటుంది. అక్కడ కొనేవాడు కూడా స్టీమ్ పేజీకెళ్లి "రీసెంట్" రివ్యూలు చదివి రావాలి, ముఖ్యంగా వంద గంటలకు పైగా ఆడి బొటనవేలు కిందికి దించినవాళ్లవి. మూడు నిమిషాలు ఆడి తిట్టినవాడికి గేమ్ తెలియదు. వంద గంటలాడి తిట్టినవాడికి డెవలపర్ తెలుసు.

చిన్న డెవలపర్ల దుకాణం ఇచ్.ఐఓలో వ్యవహారం ఇంకా ముక్కుసూటిగా ఉంటుంది. ఒక జిప్ ఫైలు ఇస్తారు. దుకాణం వాటా ఎంతో అమ్మేవాడే నిర్ణయించుకుంటాడు, మార్చకపోతే 10 శాతం. విండోస్ ఆ ఫైలు చూసి తెలియని ప్రచురణకర్త అని భయపెడుతుంది, అది సంతకం లేని ప్రోగ్రామ్‌కి జరిగే మామూలు సత్కారమే. కొత్త వెర్షన్‌ని పాత ఫోల్డర్ మీదే విప్పితే, తీసేసిన ఫైళ్లు అక్కడే మిగిలి, ఏ వెర్షన్‌లోనూ లేని బగ్‌లు పుడతాయి. వాటిని రిపోర్టు చేస్తే డెవలపర్ తల గోడకి కొట్టుకుంటాడు. ప్రతిసారీ కొత్త ఫోల్డర్. డబ్బు వెనక్కి రావడం ఒక్కో కేసుని బట్టి. దానికి గంటల లెక్క ఏదీ లేదు.

డెవలపర్ సొంత సైటులో కొనడం పాత సంప్రదాయం. ఫ్యాక్టోరియో 2016లో స్టీమ్‌కి రాకముందు నుంచీ తన సైటులోనే అమ్ముడుపోయింది. అక్కడ కొంటే డీఆర్‌ఎం లేని ఫైలూ వస్తుంది, స్టీమ్ కీ (స్టీమ్‌లో వేస్తే గేమ్ ఇచ్చే కోడ్) కూడా వస్తుంది, పాత వెర్షన్లు అక్కడే దొరుకుతాయి. డిస్కౌంట్ మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు, ధర పెంచింది కూడా. కీ గురించి ఒక సంగతి: బయట కొన్న కీని స్టీమ్‌లో వేస్తే స్టీమ్ దానికి డబ్బు వెనక్కి ఇవ్వదు, రివ్యూ రాస్తే స్కోరులో కలపదు. ఊరూపేరూ లేని చోట సగం ధరకి కొన్న కీ అయితే, అది దొంగ కార్డుతో కొన్నదని తేలిన రోజున లైబ్రరీలోంచే మాయమవుతుంది. ఎర్లీ యాక్సెస్‌లో గేమ్ పూర్తికాదేమో అన్న ఒక్క భయం చాలనివాళ్లు ఈ దారి ఎంచుకోవచ్చు.

ఇవన్నీ కాక విష్‌లిస్ట్ అనే బటన్ ఒకటుంది. పైసా ఖర్చు లేదు, గేమ్ 1.0 అయినరోజు మెయిల్ వస్తుంది. బాల్డర్స్ గేట్ 3 2020 అక్టోబరులో 60 డాలర్లకి మొదటి అంకంతో వచ్చింది, 2023 ఆగస్టులో అదే ధరకి మొత్తం వచ్చింది, ఎర్లీ యాక్సెస్ సేవ్‌లు ఆ మొత్తంలోకి రాలేదు. విష్‌లిస్ట్‌లో పెట్టి కూర్చున్నవాడు దాదాపు మూడేళ్ల పాటు ఒక్క బగ్ రిపోర్టు కూడా రాయకుండా, అంతే డబ్బుతో పూర్తి గేమ్ ఆడేశాడు. ఇలాంటివాళ్లని గంభీరమైన కొనుగోలుదారుల జాబితాలో చేర్చలేం.