బోర్డు పోలేదు సార్, మీరు చూడలేదు

పాత కంప్యూటర్‌కి ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) అడిగితే అది కూర్చునే మదర్‌బోర్డు మోడల్ ఏంటని ఒక్కమాట అడగని షాపుల మీద నాకు పీకలదాకా కోపం ఉంది. "డీడీఆర్ త్రీనే కదా, పడుతుంది, తీసుకెళ్లండి" అంటారు. (డీడీఆర్ త్రీ అంటే ర్యామ్‌లో ఒక తరం.) పని చెయ్యలేదని తిరిగి వెళ్తే "బోర్డు పోయినట్టుంది, ఇంకా ఎన్నాళ్లు వాడతారు సార్, కొత్త సిస్టం తీసుకోండి" అంటారు. ర్యామ్ అమ్మింది వాళ్లే, బోర్డు పోయిందని తేల్చింది వాళ్లే, కొత్త సిస్టం అమ్మేదీ వాళ్లే. ఇంత సౌకర్యం ఇంకే వ్యాపారంలోనూ లేదు.

మా బాబాయికి చీమకుర్తిలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు. సిస్టం పాతది: ఇంటెల్ జీ41 చిప్‌సెట్ (ర్యామ్‌ని నడిపే బోర్డు మీది చిప్పు) ఉన్న బోర్డు, డ్యూయల్ కోర్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. "అంత పాత డబ్బా ఎందుకు, పారేయొచ్చు కదా" అనేవాళ్లు ఒక్కసారి డీటీపీ షాపులో కూర్చుని చూడండి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అందులోనే ఉంది, తెలుగు అను ఫాంట్లు అందులోనే ఉన్నాయి, ఏళ్ల తరబడి కొట్టిన మేటర్ అంతా అందులోనే ఉంది. అది ఏ సిస్టంలోనైనా చదవగలిగే యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని సిస్టంలో తెరిస్తే పెళ్లికూతురి పేరు కూడా పిచ్చిగీతల్లా కనపడుతుంది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆపేసింది కాబట్టి దానికి నెట్ పీకేశాం. నెట్ పనులు ఫోన్‌లో, డిజైన్ పని దాంట్లో. బాగానే నడుస్తోంది. ఇబ్బందల్లా ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ తెరిచినప్పుడే. జాతర ఫ్లెక్సీలో ఊళ్లో పెద్దమనుషుల ఫోటోలన్నీ పడాలి, ఒక్కో ఫోటో ఒక్కో లేయరు, మౌస్ కదలదు.

అందుకే ఒంగోలులో 4 జీబీ ర్యామ్ కొత్తది కొన్నాడు. పెడితే ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగా ఉంది, లోపల్నుంచి బీప్ బీప్ అని ఒకటే మోత. (మోత రావడం కూడా అదృష్టమే. చాలా అసెంబుల్డ్ క్యాబినెట్లలో బోర్డుకి ఆ చిన్న స్పీకరే తగిలించరు. అప్పుడు అది ఏం చెప్పాలనుకున్నా మనకి వినపడదు.) షాపుకి ఫోన్ చేస్తే మామూలు పాటే: బోర్డు పోయింది.

"ఏందబ్బాయ్, నిజంగా పోయిందంటావా?" అని బాబాయి నాకు ఫోన్. పాత ర్యామ్ ఒక్కటే పెట్టి ఆన్ చెయ్యి బాబాయ్ అన్నా. చక్కగా ఆన్ అయింది. పోయిన బోర్డు ఆన్ ఎట్లా అవుతుంది? ఇక మిగిలినవి మూడు. స్లాటు పాడై ఉండాలి, కొత్త ర్యామ్ పాడై ఉండాలి, లేదా రెంటికీ పడకపోయి ఉండాలి.

స్లాటు సంగతి తేల్చడం తేలిక. పవర్ కేబుల్ పీకేసి, ఆన్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనిచ్చి, పాత ర్యామ్‌నే రెండో స్లాటులో పెట్టి చూడాలి. మా చీమకుర్తిలో ఇంకోటి కూడా ఉంది, గ్రానైట్ దుమ్ము. లారీలు తిరిగే రోడ్డు పక్క షాపులో క్యాబినెట్ మూత తీస్తే లోపల బూడిద రంగు పొర. బ్లోయర్ కొట్టి, ర్యామ్ పసుపు అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడిస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. మాది తేలలేదు. పాతది రెండు స్లాట్లలోనూ పనిచేసింది, కొత్తది ఏ స్లాటులోనూ పనిచెయ్యలేదు. అదే కొత్త ర్యామ్‌ని తెలిసినవాళ్ల హెచ్61 బోర్డులో (జీ41 తర్వాత వచ్చిన ఇంటెల్ రకం) పెడితే బంగారంలా ఆన్ అయింది.

అప్పుడు కొత్త ర్యామ్ మీద నల్ల చిప్పులు లెక్కపెట్టమన్నా. ఒక్క వైపే ఉన్నాయి, 8.

అసలు విషయం ఇక్కడుంది. బైటుకి 8 బిట్లు కాబట్టి 4 జీబీ అంటే 32 గిగాబిట్లు. అది 16 చిప్పుల్లో ఉంటే చిప్పుకి 2 గిగాబిట్లు, 8 చిప్పుల్లోనే ఉంటే చిప్పుకి 4. జీ41 చిప్‌సెట్ 2008 నాటిది, చిప్పుకి 2 గిగాబిట్ల వరకే దానికి తెలుసు. కాబట్టి ఈ బోర్డుకి 4 జీబీ ర్యామ్ కావాలంటే రెండు వైపులా ఎనిమిదేసి చిప్పులున్న పాతరకం తీసుకోవాలి. ఇప్పుడు కొత్తగా వచ్చేవి ఎక్కువగా 8 చిప్పులవే. రెండూ డీడీఆర్ త్రీనే, రెంటికీ 240 పిన్నులే, గాడీ ఒకచోటే, స్లాటులో కూర్చునేటప్పుడు టిక్కుమని శబ్దం కూడా ఒకటే. అందుకే కొనేవాడికి తెలియదు. తెలియాల్సింది అమ్మేవాడికి! ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే "ఏఎండీ (ఇంటెల్‌కి పోటీ కంపెనీ) బోర్డులకు మాత్రమే" రకం ఇంకో తలనొప్పి. ఆ ముక్క చిన్నక్షరాల్లో ఉంటుంది. ఇంటెల్ బోర్డున్నవాళ్లు వాటి జోలికి పోవద్దు.

నాకు ఇంకా మండిన సంగతి వేరే ఉంది. బాబాయి సిస్టంలో ఉన్నది 32 బిట్ విండోస్. అది ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ దాటి వాడుకోదు, అందులోనూ కొంత గ్రాఫిక్సుకీ బోర్డుకీ పోయి మూడు జీబీ చిల్లర మిగులుతుంది. అంటే పాత 2 జీబీ పక్కన ఈ 4 జీబీ సవ్యంగా పనిచేసినా సగం దండగే. ఇంకో 2 జీబీ, అదీ సెకండ్ హ్యాండ్‌ది సరిపోయేది. 64 బిట్ ఎక్కించొచ్చు కదా అంటారు. దానికి మొత్తం ఫార్మాట్ కొట్టాలి, పాత ప్రింటర్‌కి 64 బిట్ డ్రైవర్ దొరకాలి. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ సాహసం బాబాయి చెయ్యడు, చెయ్యమని నేనూ చెప్పను. ఏ విండోస్ వాడుతున్నారు, ఏ బోర్డు అని షాపువాళ్లు రెండు ప్రశ్నలు అడిగుంటే సరిపోయేది. బోర్డు పేరు దాని మీదే రాసుంటుంది. మూత తీయడం ఇష్టం లేకపోతే సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మెయిన్‌బోర్డ్ ట్యాబులో చూపిస్తుంది.

చివరికి పాత సామాను రిపేరు చేసే ఒకాయన దగ్గర 2 జీబీ దొరికింది. ముందు ఆయన బాబాయిని అడిగిన మాట "బోర్డు ఫోటో ఉందా అన్నా?" అని. ఫోటో చూసి, డబ్బాలో వెతికి ఇచ్చాడు. రెండూ కలిపి పెట్టి, రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపితే ఒక్క ఎర్రర్ రాలేదు. ఫ్లెక్సీలు ఇప్పుడు కదులుతున్నాయి. పరుగెత్తడం లేదు, కదులుతున్నాయి, చాలు.

4 జీబీ ర్యామ్ వాపసు ఇద్దామని వెళ్తే "అందులో లోపం లేదు కదా సార్, సీలు కూడా తీసేశారు" అన్నారట. లోపం లేదన్నది నిజమే మరి! ఒంగోలు చుట్టుపక్కల హెచ్61 బోర్డు, 64 బిట్ విండోస్ ఉండి 4 జీబీ డీడీఆర్ త్రీ కావాల్సినవాళ్లుంటే చెప్పండి, కొన్న రేటు కంటే తగ్గించే ఇస్తాం. ముందు మీ బోర్డు ఫోటో పంపండి.