స్టెమ్ ఉందా అని అడిగి ఊరుకోవద్దు

డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఎంఎస్ మాట వస్తే, అది యూటీ డాలస్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్, డాలస్)లోని నవీన్ జిందాల్ స్కూల్ ఆఫ్ మేనేజ్‌మెంట్ దాకా వెళ్లకుండా ఆగదు. అక్కడే ఎంబీఏ చదివిన పారిశ్రామికవేత్త జిందాల్ విరాళం ఇచ్చాక 2011లో ఆ బిజినెస్ స్కూల్‌కి ఆయన పేరు పెట్టారు. అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్, సప్లై చైన్, హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ అన్నీ అక్కడ ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా అడిగేవి మాత్రం ఐటీఎం (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్), బిజినెస్ అనలిటిక్స్. రెండూ మంచి కోర్సులే. "స్టెమ్ ఉందిగా, చేరిపో" అని, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోవలోకి వచ్చే డిగ్రీ అయితే చాలని, పెద్దవాళ్లం మనం ఇస్తున్న సలహాతోనే నాకు పేచీ.

స్టెమ్‌తో లాభం లేదనను. స్టెమ్ డిగ్రీ అయితే, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లకు చదువయ్యాక దొరికే 12 నెలల ఓపీటీకి (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతికి) మరో 24 నెలలు కలుస్తాయి. లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని వచ్చిన పిల్లలకు అది చాలా పెద్ద ఊరట. కానీ ఆ రెండేళ్లు ఊరికే రావు. కంపెనీ ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగులకు పనిచేసే అర్హత ఉందో లేదో చూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో, ఉండాలి. చేసే ఉద్యోగానికీ చదివిన డిగ్రీకీ నేరుగా సంబంధం ఏమిటో, అక్కడ ఏం నేర్చుకుంటారో ఐ-983 ఫారంలో రాసి, విద్యార్థి, కంపెనీ ఇద్దరూ సంతకం పెట్టాలి. అసలు ఆ దశకు చేరాలంటే ముందు ఉద్యోగం రావాలి. మొదటి ఏడాది ఓపీటీలో ఖాళీగా ఉన్న రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. ఆ టెన్షన్‌లో, ఇష్టం లేకుండా చదివిన కోర్సుతో ఇంటర్వ్యూలో ఏం చెప్పగలరు?

గుంటూరు నుంచి వచ్చిన ఒక బీకాం అమ్మాయి ఈ మధ్య మా ఇంటికి వచ్చింది. లెడ్జర్ ముందు పెడితే తేడా ఎక్కడుందో ఇట్టే పట్టేస్తుంది. కోడింగ్ అంటే భయం. అయినా అడిగిన ప్రతివాళ్లూ ఐటీఎమ్మే చెప్పారట. ఆడిట్, టాక్స్ రెండూ వేరు వేరు దారులని, సీపీఏ (మన సీఏ లాంటి అమెరికా అకౌంటెంట్ లైసెన్సు) అయితే ఇక్కడ ఎంత విలువో ఆమెకి ఒక్కరూ చెప్పలేదు. నాకు బాధేసింది.

ఏ డిగ్రీకి స్టెమ్ వర్తిస్తుందో దాని సీఐపీ కోడ్‌ని (కోర్సు ఏ విభాగానిదో చెప్పే ప్రభుత్వ నంబరుని) బట్టి ఉంటుంది. అది యూనివర్సిటీని అడిగితే తేలిపోయే విషయం. ఏ పని మనకు సరిపోతుందో చెప్పడానికే మనుషులు కావాలి. ఇక్కడి మన తెలుగు సంఘం కొత్తగా వచ్చే పిల్లలకు ఎయిర్‌పోర్ట్ పికప్‌లు, రూములు చూసిపెడుతోంది, సంతోషం. దరఖాస్తుల సీజన్‌లో ఇండియాలోని పిల్లలకు ఆన్‌లైన్ సమావేశం కూడా పెడదాం. ఐటీ వాళ్లతో పాటు మనలో ఉన్న ఆడిటర్లనీ, సప్లై చైన్‌లో, ఆసుపత్రుల నిర్వహణలో పనిచేసేవాళ్లనీ పిలుద్దాం.